లొల్లిలో పాసైన పదకొండో అంశం: ఒక ప్రతిపక్ష మహిళా కౌన్సిలర్ కేసు

హన్మకొండ కేంద్రంగా, స్థానిక సంస్థలకు ఎన్నికైన మహిళలకు శిక్షణ ఇవ్వడం నా పని. వార్డు సభ్యురాలి నుంచి జడ్పీటీసీ దాకా ఇన్నేళ్లలో చాలామందిని చూశాను. ఈ ఒక్క కేసు రాయడానికి కారణం, ఇందులో మొదటి తప్పు నాది. ఊరు ఉత్తర తెలంగాణలోని ఒక మున్సిపాలిటీ. అంతకు మించి చెప్పను. పార్టీ, వార్డు, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. రాసిందంతా ఆమెకు చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

ఆమె 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో మహిళలకు రిజర్వైన వార్డు నుంచి గెలిచింది. వయసు నలభై దాటింది. పెళ్లయిన కొత్తలో బీడీలు చుట్టింది, తర్వాత మెప్మా (పట్టణ పేద మహిళల పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) సంఘంలో లీడరైంది. సంఘం లోను ఆలస్యమైతే బ్యాంకు మేనేజరు టేబుల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చునే రకం. పదో తరగతి పూర్తి కాలేదు గానీ, లెక్క మాత్రం పైసాతో సహా చెప్తుంది.

కౌన్సిల్లో ఆమె పార్టీ వాళ్లు ఆరుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. చైర్‌పర్సన్ కూడా మహిళే. ఆమె ఛాంబర్లో పక్క కుర్చీ ఆమె భర్తది. అధికార పక్షంలో చాలామంది మహిళా కౌన్సిలర్ల భర్తలు మీటింగ్ రోజున వరండాలో నిలబడి ఉంటారు. వాళ్లను ఊళ్లో అందరూ ‘కౌన్సిలర్ సాబ్’ అనే పిలుస్తారు. మా కౌన్సిలరమ్మ భర్త ఆటో నడుపుతాడు, ఆ వరండాకు రాడు. ఇది ఆమెకు బలమో బలహీనతో చాలాకాలం నాకు తేలలేదు.

చట్టసభల్లో ఆడవాళ్ల మాట సాగడం లేదంటే, సంఖ్య తక్కువ కాబట్టి అని చెప్పడం మనకు అలవాటు. పార్లమెంటుకు ఆ మాట కొంత సరిపోతుంది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో మహిళలు 74 మంది. మన రాష్ట్రంలోని 17 స్థానాల నుంచి ఇద్దరే: వరంగల్ నుంచి కడియం కావ్య, మహబూబ్‌నగర్ నుంచి డి.కె. అరుణ. తెలంగాణ పట్టణ సంస్థల్లో సంగతి వేరు, ఇక్కడ సగం సీట్లు మహిళలవే. హాల్లో సగం మంది ఉండి కూడా మాట సాగకపోతే కారణం ఇంకెక్కడో వెతకాలి. ఈ ఆలోచన నాకు మొదటి రోజే రావాల్సింది. రాలేదు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2022లో ఆ పార్టీ పట్టణ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. “మేడం, మా అక్క గల్లీల పులి, మీటింగుల పిల్లి. జర ట్రైనింగ్ ఇయ్యాలె” అన్నాడు. ఆమె వచ్చాక అదే ప్రశ్న ఆమెను అడిగాను. “నేను మాట్లాడుతలేనని ఎవరన్నరు? లేస్తనే ఉన్న. లేచినప్పుడల్లా కూసోమంటరు” అంది.

ఇద్దరి మాటా నమ్మకుండా, నా కళ్లతో చూద్దామని వరసగా మూడు సమావేశాలకు వెళ్లి విలేకరుల వెనక బెంచీలో కూర్చున్నాను. నోట్‌బుక్కులో ఒక్కటే రాసుకున్నాను: ఎవరు లేచారు, మొదలుపెట్టిన వాక్యాన్ని పూర్తి చేశారా లేదా. ఆమె లేచింది, ప్రతిసారీ లేచింది. పూర్తయిన వాక్యం మాత్రం నా నోట్‌బుక్కులో ఒక్కటీ లేదు. “అధ్యక్షా, మా వార్డుల…” అనగానే ఎదుటి వరసలోంచి “నల్లా సంగతేనా అమ్మా, తర్వాత చూద్దాం, కూసో” అనే గొంతు వచ్చేది. మైకు ఆగిపోయేది.

ఇంకొకటి కూడా రాసుకున్నాను గానీ, అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు. అదే ప్రతిపక్షంలో ఒక పెద్దాయన ఉన్నాడు. మూడు సమావేశాల్లోనూ నోరు విప్పలేదు. ఆయన్ని అందరూ ‘పెద్దమనిషి, ఊకె మాట్లాడడు’ అన్నారు. ఆమెనేమో ‘మాట్లాడరాదు’ అన్నారు.

వార్డులో అసలు గొడవ నీళ్లది. మూడు గల్లీలకు పైపులైను పొడిగించినట్టు కాగితాల మీద ఉంది. రెండు ఆమె వార్డులోవి, మూడోది పక్క వార్డుది. ఆ వార్డు కౌన్సిలర్ అధికార పక్షం మహిళ. గల్లీల్లో మాత్రం ట్యాంకరే దిక్కు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

ఆ సభలో వినిపించేది గొంతే కాబట్టి ఆమె గొంతు పెంచాలని నిర్ణయించాను. నా తర్కం ఇదీ: వాళ్ల ఫ్లోర్ లీడర్, అంటే కౌన్సిల్లో వాళ్ల పార్టీ నాయకుడు, ఎజెండా కాగితాలు చింపి విసురుతాడు, పోడియం ముందు బైఠాయిస్తాడు, మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది, కమిషనర్ ఫోన్ ఎత్తుతాడు. ఆయనకు పనిచేసిన పద్ధతి ఆమెకెందుకు పనిచేయదు? ప్రతిపక్షం అనగానే నా కళ్ల ముందు కదిలిన బొమ్మ కూడా అదే. తెలంగాణ వాళ్లం, 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టడం టీవీలో చూసినవాళ్లం. కొట్టింది ప్రతిపక్షం కాదు, అధికార పార్టీ టికెట్ మీద గెలిచి, రెండు రోజుల ముందే ఆ పార్టీ బహిష్కరించిన ఎంపీ, అది వేరే సంగతి. సభ అంటే బలప్రదర్శన అనే అచ్చు మాత్రం మనసులో పడిపోయింది.

కమ్యూనిటీ హాల్లో రెండు వారాలు సాధన చేయించాను. మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించేలా మాట్లాడటం, అడ్డొస్తే ఆగకపోవడం, ముగ్గురం కలిసి ఆమె మీద అరవడం. ఆమె బాగానే నేర్చుకుంది. తర్వాతి సమావేశానికి ఆమె, రెండో మహిళా కౌన్సిలర్, గల్లీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చారు. పోడియం ముందు కూర్చున్నారు. ఫ్లోర్ లీడర్ ఎప్పటిలాగే ఎజెండా చింపాడు. హాలంతా లొల్లి.

పావుగంట తర్వాత మహిళా కానిస్టేబుళ్లు వచ్చి ఆమెను బయటికి తీసుకుపోయారు. మర్నాడు పేపర్లో ఫ్లోర్ లీడర్ వార్తకు ‘నిలదీత’ అనే మాట దొరికింది, ఆమె ఫోటో కింద ‘రభస’ అనే మాట. అధికార పక్షం కౌన్సిలర్ ఒకాయన “ఇంట్ల పంచాయితీలు ఈడికి తెచ్చిర్రు” అన్నాడని కూడా అచ్చయింది. గల్లీ నీళ్లు ఇంటి పంచాయితీ అయిపోయాయి.

అసలు దెబ్బ వారం తర్వాత, మినిట్స్ కాపీ చేతికొచ్చినప్పుడు తెలిసింది. ఆ లొల్లి మధ్యే మిగతా అంశాలన్నీ ‘సభ ఆమోదించింది’ అని చదివేశారు. అందులో పదకొండోది, ఆ మూడు గల్లీల పైపులైను పనికి పెంచిన అంచనా. ఆమె ఏ పని మీద నిలదీయడానికి వచ్చిందో, ఆ పనికి అదనపు సొమ్ము ఆమె నినాదాల చాటునే పాసైంది. పార్లమెంటులో గందరగోళం మధ్య బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కడం మనకు కొత్త కాదు. అదే మన ఊళ్లో, నేను నేర్పిన గొంతు సాయంతోనే జరిగింది.

రెండో ప్రయత్నం తొందరగా చెప్పేస్తాను. అరవడం పనిచేయలేదు కాబట్టి ఆడవాళ్ల కష్టాన్ని వాళ్ల మాటల్లోనే చెప్పమన్నాను. ఒక గర్భిణి ట్యాంకరు దగ్గర పడిపోయిన సంగతి చెబుతూ చెబుతూ ఆమెకు కన్నీళ్లొచ్చాయి. సభ కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత చైర్‌పర్సన్ “బాధపడకమ్మా, చూద్దాం” అంది. అంతే. చర్చ కన్నీళ్ల మీదికి పోయింది, పైపు అక్కడే ఉండిపోయింది. చాలాకాలం తర్వాత, 2024 జూలై చివర్లో, ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రిగా పనిచేసిన సబితా ఇంద్రారెడ్డి శాసనసభ సమావేశాల వేళ కన్నీళ్లు పెట్టుకున్న రోజు రాత్రి మా కౌన్సిలరమ్మ నాకు ఫోన్ చేసింది. “అంత పెద్ద మనిషికే గట్లయితే నాదెంత మేడం” అని ఒక్కమాట అని పెట్టేసింది.

ఎక్కడ ఆగి ఆలోచించాం

రెండుసార్లు ఓడాక నోట్‌బుక్కు మళ్లీ తీశాను. పెద్దాయన మౌనానికి ఒక పేరు, ఆమె మౌనానికి ఇంకో పేరు. ఫ్లోర్ లీడర్ అరుపుకు ఒక పేరు, ఆమె అరుపుకు ఇంకో పేరు. అప్పుడు అర్థమైంది. తేడా ఆమె స్వభావంలో లేదు, వినేవాళ్ల చెవిలో ఉంది. ఒకే పని మగవాడు చేస్తే పోరాటం, ఆడది చేస్తే గొడవ. అలాంటి చోట ఆయన పద్ధతిని ఆమెకు నేర్పడమంటే, ఆయన చెప్పుల్లో ఆమె కాళ్లు పెట్టి పరుగెత్తమనడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆడవాళ్లు మెత్తన, వాళ్లకు లొల్లి చేతకాదు అని నేను అనడం లేదు. 2021 నవంబరులో రాజ్యసభ నుంచి సస్పెండైన 12 మంది ప్రతిపక్ష ఎంపీల్లో ఐదుగురు మహిళలు. మా కేసులోనే ఆమె సహచరి, రెండో కౌన్సిలర్, పోడియం ఎక్కడాన్ని సంతోషంగా చేసేది, పదవి ఉన్నన్నాళ్లూ చేసింది. ఆమెను నేను మార్చబోలేదు, మార్చమని ఆమె అడగనూ లేదు.

అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 1973 నుంచి 2008 దాకా ప్రతినిధుల సభలో సభ్యులు పెట్టిన బిల్లులు ఎంతదూరం పోయాయో లెక్కగట్టి, 2013లో అచ్చువేశారు. మైనారిటీ పార్టీలో, అంటే సభలో సీట్లు తక్కువున్న పక్షంలో, ఉన్న మహిళల బిల్లులు అదే పార్టీ మగవాళ్ల బిల్లులకంటే ఎక్కువ దూరం పోయాయి. అవతలి పక్షం వాళ్లను కలుపుకుని పోవడమే దానికి కారణమని వాళ్ల వాదన. మెజారిటీ పార్టీలో ఉన్న మహిళలకు అదే నేర్పు అంతగా అక్కరకు రాలేదట. ఆ దేశపు సభ వేరు, మన కౌన్సిల్ వేరు, అక్కడి అంకెలు ఇక్కడ అతికించలేం. కానీ ప్రశ్న మాత్రం నాకు దొరికింది: ఈమెకు అవతలి పక్షంలో ఎవరున్నారు?

ఇదే మాట ఆమెకు నేను అమెరికా పేరుతో చెప్పలేదు. చిన్నమ్మ పేరుతో చెప్పాను. 2014లో సుష్మా స్వరాజ్ లోక్‌సభలో ప్రతిపక్ష నేత. ప్రభుత్వాన్ని రోజూ చీల్చి చెండాడుతూనే, రాష్ట్ర విభజన బిల్లుకు మద్దతిచ్చింది. ఫిబ్రవరి 18న బిల్లు ఆ సభలో గట్టెక్కింది. సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మనూ గుర్తుంచుకోండి అని తెలంగాణ వాళ్లను అడిగింది. “అంటే అవతలోళ్లతో కలువుమంటున్నరా మేడం?” అంది ఆమె, అనుమానంగా. పని ఒక్కటైన చోట కలవమన్నాను.

పనిచేసింది

ముందు కాగితం. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయం ఎట్లా నడుస్తుందో చూపించాను. నక్షత్ర గుర్తున్న ప్రశ్నలు రోజుకు 20 ఉంటాయి. మంత్రి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. అరిచే ఎంపీ గొంతును మైకు ఆపి ఆపొచ్చు. ముందే అచ్చయి మంత్రి బల్ల మీదున్న ప్రశ్నను అట్లా ఆపలేరు. మా కౌన్సిల్లో అలాంటి ఏర్పాటు పద్ధతిగా నడవడం లేదు. అయితే కౌన్సిలర్ రాసిచ్చిన ఉత్తరాన్ని ఇన్‌వార్డ్ సెక్షన్‌లో (ఆఫీసుకొచ్చే కాగితాలు నమోదు చేసే చోట) తీసుకోక తప్పదు, నంబరు వేయక తప్పదు.

ఆమె రాసిన మొదటి ప్రశ్న: “మా గల్లీలకు నీళ్లు ఎప్పుడిస్తరు?” దీనికి జవాబు ‘త్వరలో’. ఆ ఒక్క మాట మీద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. ‘త్వరలో’ అని తప్పించుకోలేని ప్రశ్న ఎట్లా ఉంటుంది? సాయంత్రానికి ఇట్లా తయారైంది: “ఎంబీలో ఈ గల్లీకి ఎన్ని మీటర్ల పైపు రాసి ఉంది? కొలిచిన తేదీ ఏది? కొలిచింది ఎవరు?” ఎంబీ అంటే చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు. నేను వ్యాకరణం తప్ప ఏమీ దిద్దలేదు. సంఘం పుస్తకాలు రాసిన చెయ్యి అది, లెక్క అడగడం దానికి తెలుసు. సభలో ఆ చేతిని వదిలేసి గొంతును పట్టుకున్నది నేనే.

ఎంబీ కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. 30 రోజులు దాటినా జవాబు లేదు, మొదటి అప్పీలు చేశాక వచ్చింది. ఈలోగా సంఘం ఆడవాళ్లు తాడుకు ముళ్లు వేసి గల్లీ కొలిచారు. తాడు లెక్కను ఇంజినీర్లు నవ్వి కొట్టేస్తారని ఆమెకే తట్టింది. మేస్త్రీ దగ్గర టేపు తెచ్చి మళ్లీ కొలిపించింది. పుస్తకంలోని పొడవుకూ నేల మీది పొడవుకూ పొత్తు లేదు. మూడో గల్లీలోనైతే కొలవడానికి పైపే లేదు.

ఆ మూడో గల్లీ కౌన్సిలరే మాకు కావాల్సిన అవతలి మనిషి. ఆమెను ఎక్కడ కలవాలన్నదే పెద్ద చర్చ. ఆఫీసులో కలిస్తే ఫోటో తీస్తారు. ఇంటికి పోతే భర్త మాట్లాడతాడు. చివరికి సద్దుల బతుకమ్మ రోజు చెరువు కట్ట మీద కలిశారు. భర్తలు దూరంగా బండ్ల దగ్గర నిలబడే ఒకే ఒక్క సాయంత్రం అది. ఎంబీ కాపీ జిరాక్సు సత్తుపిండి డబ్బా కింద పెట్టుకుని పోయింది మా కౌన్సిలరమ్మ. అవతలి ఆమె చదివి, చాలాసేపు ఊరుకుని, “నేనైతే మాట్లాడ. ఇంట్ల ఊకోరు. నువ్వు మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరినీ ఆపనియ్య” అంది.

అంతకంటే ఎక్కువ అడగొద్దని నేను చెప్పాను. మా కౌన్సిలరమ్మ పార్టీ వాళ్లయితే ఆ అవతలి ఆమెతో బహిరంగంగా ఒక మాట అనిపించి, పేపర్లో వేయించి, ‘అధికార పక్షంలో చీలిక’ అని పండగ చేసుకునేవాళ్లు. అట్లా చేస్తే ఆ మనిషి మర్నాటి నుంచి మనకు ఉండదు. ఎవరు ఎంత ఇవ్వగలరో అంతే తీసుకోవాలి, సంఘంలో పొదుపు కట్టించుకున్నట్టు.

తర్వాతి సమావేశంలో మా కౌన్సిలరమ్మ లేచి, “ఇన్‌వార్డ్ నంబరు ఫలానా, తేదీ ఫలానా” అని మొదలుపెట్టింది. ఎప్పటి గొంతే లేచింది: “కూసోమ్మా.” అప్పుడు అవతలి వరసలోంచి, “పూర్తి చేయనియ్యే అన్నా, మా గల్లీది గూడ గదే ముచ్చట” అని వినిపించింది. హాలు ఒక్కసారి ఆగింది. చైర్‌పర్సన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వైపు చూసింది. ఏఈ లేచి నిలబడ్డాడు. నా నోట్‌బుక్కులో ఆమె పేరు పక్కన పూర్తయిన మొదటి వాక్యం ఆ రోజే రాసుకున్నాను.

ఆ పూటే సంయుక్త తనిఖీకి ఒప్పుకున్నారు, అది పూర్తయ్యేదాకా కాంట్రాక్టరు బిల్లు ఆపారు. అదే రోజు ముందస్తు ఎజెండాలో లేని టేబుల్ ఐటమ్ ఒకటి వచ్చింది. దాని మీద ఆమె నినాదం ఇవ్వలేదు. అసమ్మతి అని రెండు వాక్యాలు రాసి, మినిట్స్‌లో చేర్చమని ఇచ్చింది. చేర్చారా లేదా అని వారం తర్వాత వెళ్లి చూసుకుంది కూడా. పదకొండో అంశం నేర్పిన పాఠం అది.

ఖర్చు

కొన్ని నెలలకు ఆమె వార్డులోని రెండు గల్లీలకు నీళ్లొచ్చాయి. కానీ కేసు బాగా ముగిసిందని రాస్తే అబద్ధమవుతుంది. నీళ్లొచ్చిన రోజు ప్రెస్‌మీట్ పెట్టింది ఫ్లోర్ లీడర్, తమ పోరాట ఫలితమన్నాడు. ఆమె వెనక వరసలో నిలబడింది. పార్టీలో ఆమె ‘మెత్తబడ్డది’ అన్నారు. బతుకమ్మ ముచ్చట ఎట్లా పొక్కిందో, కొందరు ‘కోవర్టు’ అన్నారు. పోడియం ముందు కూర్చున్న రోజు పార్టీకి ఆమె కనిపించింది, నీళ్లు తెచ్చిన రోజు కనిపించలేదు. ప్రతిపక్షంలో మహిళ ఫలితం వైపు పోతే ఆమె ప్రతిపక్షమే కాదన్నట్టు చూస్తారు. ఈ ముడి నేను విప్పలేకపోయాను. ప్రెస్‌మీట్‌కు ముందే ఉత్తరాల కాపీలన్నీ పట్టణ కమిటీకి, విలేకరులకు ఇచ్చి ఉండాల్సింది. ఆ ఆలోచన నాకు వారం ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు శిక్షణలో అది మొదటి రోజే చెబుతున్నాను.

ఇంకో సంగతి. అవతలి పక్షం మహిళ ఆ ఒక్క వాక్యానికి ఇంట్లో ఎంత ఖర్చు పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె నా దగ్గరికి వచ్చిన కేసు కాదు. అయినా కేసులో సగం ఆమెదే.

2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక చాలా మున్సిపాలిటీల్లో అవిశ్వాసాలు, పార్టీ మార్పులు నడిచాయి. ఆ ఊళ్లో ఏం జరిగిందో చెబితే పార్టీ తెలిసిపోతుంది, కాబట్టి వదిలేస్తున్నాను. 2025 జనవరిలో పాలకవర్గం గడువు ముగిసింది.

ఆమె ఇప్పుడు అప్పుడప్పుడు నా శిక్షణకు వస్తుంది, నేర్పడానికి. బోర్డు దగ్గర నిలబడదు. కొత్తవాళ్ల మధ్య కూర్చుని, సంచిలోంచి ఉత్తరాల ఫైలు తీస్తుంది. “ఉత్తరం ఇచ్చి రావుడు కాదు. స్టాంపు మీద తారీఖు, నంబరు చదువుకున్నంకనే అక్కడికెళ్లి కదలాలె. ఒకసారి నాకు పోయిన నెల తారీఖు ఏసిర్రు” అంటుంది. మూడో గల్లీకి పెట్టిన ఉత్తరం ఆ ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంటుంది. ఆ గల్లీకి ఇంకా ట్యాంకరే వస్తోంది.